లోపల వదిలిన గుడ్డ

ఆ వీధి చివరి టైలరు నలభై ఏళ్లలో ఒక్క గుడ్డ కూడా తప్పు కత్తిరించలేదు. ఈ మాట ఎవరి ముందైనా సరే, గుండె మీద చెయ్యేసుకుని చెబుతాను.

అంతటి మనిషి ఆ ఉదయం కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా కూతురి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పదకొండింటికి ఆ పిల్లకి ఎడిటింగ్ స్టూడియోలో ఉద్యోగ పరీక్ష. ఇంటి మనిషి ఒకరి మీద నాలుగు నిమిషాల వీడియో చేసి తెమ్మన్నారట. ఆరు నెలల కిందట పోయిన నాయనమ్మను, బతికుండగా గంటసేపు మాట్లాడించి ఫోన్‌లో తీసింది పిల్ల. ఆ ఫోన్ నీళ్లలో పడి పాడైంది. మిగిలింది కంప్యూటర్‌లో ఉన్నదే.

తెర మీద ముసలమ్మ కళ్లజోడు తుడుచుకుంది, దుప్పటి మడతపెట్టింది, నవ్వింది. అయిపోయింది.

"మిగతాదేదే?" అన్నాడు టైలరు.

"కత్తిరించేశాను నాన్నా. నాలుగు నిమిషాలే కదా అడిగారు."

"నన్ను బుజ్జులూ అని పిలిచిందే, అది?"

"అదీ తీసేశాను."

టైలరు మొహం పాలిపోయింది. కత్తెర కింద నుంచి వచ్చిన గుడ్డ మళ్లీ నిండు తానులా మారడం ఆయన ఏనాడూ చూడలేదు.

"గంటసేపు మాట్లాడిన మా అమ్మని నాలుగు నిమిషాలు చేశావా? పోయినప్పుడు కూడా ఇంత పూర్తిగా పోలేదే ఆవిడ!"

"నాన్నా, ఒక్కమాట విను..."

"వినడానికి ఏం మిగిల్చావు గనక!"

స్టూడియోకి పట్టుకెళ్లాల్సిన వీడియో ఉన్న పెన్‌డ్రైవ్ కంప్యూటర్‌ నుంచి ఊడబెరికి, గుండీల డబ్బాలో పడేసి మూత బిగించాడు. "ఈ ఉద్యోగమూ వద్దు, ఏమీ వద్దు. సొంత నాయనమ్మనే ఇలా కోసినదానివి, రేపు ఊళ్లోవాళ్లని వదుల్తావా?"

వంటింట్లోంచి భార్య గరిటెతో సహా వచ్చింది. "పిల్లకి టైమైపోతోంది. ఆ డబ్బా ఇలా ఇవ్వండి."

"ఇవ్వను."

"అందులో గుండీ ఒకటి తీసి ఆ నోటికి కుట్టుకోండని పెళ్లయినప్పటి నుంచీ చెబుతున్నాను, వింటేనా!"

కూతురు కళ్లు తుడుచుకుంది. తండ్రి చెయ్యి పట్టుకుని మౌస్ మీద పెట్టింది. తెర మీద నీలం రంగు పట్టీ ఒకటి చూపించి, "ఈ అంచు పట్టుకుని పక్కకి లాగు" అంది.

భయం భయంగా లాగాడు. పట్టీ జానెడు సాగింది. ముసలమ్మ గొంతు మళ్లీ మొదలైంది.

"మా బుజ్జులు మొట్టమొదట కుట్టిన ప్యాంటు హెడ్మాస్టరుగారిది. ఒక కాలు బెత్తెడు పొట్టి! వీడేమో, ఇదే కొత్త ఫ్యాషనండీ అన్నాడు. ఆయన నమ్మలేదు. అయినా వీడు పని మానేస్తాడేమోనని, రెండో కాలు దానికి సమంగా మడిచేసుకుని ఏడాదంతా తొడుక్కున్నాడు మహానుభావుడు!"

సరే, గుండె మీద నుంచి చెయ్యి తీసేస్తున్నాను.

"ఇదెక్కడ దాక్కుందే?" అన్నాడు టైలరు.

"ఎక్కడికీ పోలేదు నాన్నా. ఇక్కడ కత్తిరించడమంటే లోపలికి మడవడమే. రేపు ఒళ్లొస్తే విప్పుకోవడానికని చొక్కా లోపల రెండు వేళ్ల గుడ్డ వదుల్తావు చూడు? నేను గుడ్డంతా లోపలే వదిలాను. గంటా అలాగే ఉంది."

టైలరు కుర్చీలో వెనక్కి వాలాడు. మెడలో వేలాడుతున్న టేపుతోనే కళ్లు ఒత్తుకున్నాడు. "మరి ఇంత మంచి మాట ఎందుకు మడిచేశావే?"

"ఎవరో స్టూడియోవాళ్లు చూసి నిన్ను నవ్వుతారని."

టైలరు డబ్బా మూత తీశాడు. పెన్‌డ్రైవ్ అడుక్కి జారిపోయింది. ముగ్గురూ గుండీలన్నీ నేల మీద గుమ్మరించి, ఒకళ్ల చేతులకు ఒకళ్లు అడ్డం పడుతూ వెతికారు.

"నవ్వనీ, పెట్టు" అన్నాడు టైలరు. "ఆ కళ్లజోడు తుడుచుకోవడం అంతసేపెందుకు? అది మడిచెయ్యి."

"అమ్మా, నాన్న నా ఉద్యోగానికి ఎసరు పెడుతున్నాడే!"

మధ్యాహ్నం ఫోన్ చేసింది. "రేపటి నుంచే రమ్మన్నారు నాన్నా! ప్యాంటు దగ్గర రెండుసార్లు వెనక్కి తిప్పి మరీ చూశారు."

"నవ్వారా?"

"పడి పడి నవ్వారు."

టైలరు హాయిగా ఊపిరి వదిలి, చల్లారిన కాఫీని అలాగే తాగేశాడు.

ఇదంతా జరిగింది జరిగినట్టే చెప్పాను. హెడ్మాస్టరుగారు ఒక్కరే నా కల్పన. ఆ ప్యాంటు నాది. మహానుభావుడన్న ముక్క కూడా నేనే చేర్చుకున్నాను. ఆ ప్యాంటింకా నా పెట్టెలోనే ఉంది, రెండో కాలు మడిచే.