బొమ్మలమ్మాయి కుడిచెయ్యి

"నా కుర్చీ ఏదీ?"

పిల్లల పుస్తకాలు వేసే ఆ ఆఫీసులో బొమ్మలు గీసే ఆమెను అందరూ బొమ్మలమ్మాయి అంటారు. ఆ ఉదయం వచ్చేసరికి ఆమె కుర్చీ లేదు. ఆ చోట నల్లటి కుర్చీ ఒకటి ఉంది. కంప్యూటర్ స్క్రీన్ రెండు లావాటి నిఘంటువులెక్కి కూర్చుంది. బల్ల కింద ఎవరిదో పీట.

నా సీటు ఇంకెవరికో ఇచ్చేశారు, అనుకుంది.

పోయినవారమే మేనేజర్, "గీతలు వణుకుతున్నాయేంటమ్మా?" అన్నాడు. నిన్న జిరాఫీ ఆయన గదిలో నిలబడి, అద్దంలోంచి ఈ బల్ల వైపు వేలు చూపించడం తను కళ్ళారా చూసింది. కంప్యూటర్లో పుస్తకాల పేజీలు పేర్చే ఆ పొడుగాటి మనిషికి ఆఫీసు పెట్టిన పేరది.

"కుర్చీ నేనే మార్చానండీ," అన్నాడు జిరాఫీ, గొంతు సవరించుకుని.

ఆమె అతన్ని మెట్ల దగ్గరికి లాక్కెళ్ళింది. బయట వాన దంచికొడుతోంది.

"చెప్పేశారా ఆయనకి? నా చేతి నొప్పి సంగతి?"

"అయ్యో, లేదండీ! నాకు నడుం నొప్పి, ఎత్తు మార్చుకునే కుర్చీ కావాలన్నాను. ఇచ్చారు. మీకు వేశాను. ఇక రోజూ నడుం పట్టుకుని నడవాలి, అదొక్కటే బాధ."

"మరి నా బల్ల ఎందుకు చూపించారు?"

"నా బల్ల కూడా మీ పక్కకి మార్చమన్నాను. అది మాత్రం కుదరదన్నారు."

మామూలుగా అయితే ఆమెకు నవ్వొచ్చేది. ఇప్పుడు రాలేదు.

"అసలు మీకెలా తెలిసింది?"

"పెన్ను జారితే మీరు పెన్ను వైపు చూడరు, ఎవరైనా చూశారా అని చూస్తారు. నేనెప్పుడూ చూస్తూనే ఉంటా కదా..." అనేసి నాలిక్కరుచుకున్నాడు.

జిరాఫీ అక్క ఫిజియోథెరపిస్టు. బల్ల దగ్గరికి తిరిగొచ్చాక, ఫోన్లో ఆవిడ చెప్పినట్టల్లా అతను ఆమెను కూర్చోబెట్టాడు. పాదాలు పీట మీద. మోచెయ్యి బల్లతో సమానంగా. మణికట్టు వంగకూడదు. స్క్రీన్ పై అంచు కళ్ళ ఎత్తులో. వీపుకి ఆనుకోగానే, ఇన్నాళ్ళూ తన భుజాలు చెవుల దాకా ఎక్కి ఉన్నాయని ఆమెకు తెలిసింది.

"ఇది చాలదట. డాక్టర్‌కి చూపించాలంది అక్క."

"వద్దు."

"ఎందుకండీ?"

"చూపిస్తే చెయ్యి పోయిందంటారు. చూపించకపోతే ఇంకా ఉందనుకోవచ్చు."

నెమ్మదిగా చెప్పింది. వాళ్ళమ్మ టైలర్. వేళ్ళు తిమ్మిరెక్కినా దులుపుకుని కుట్టుకుంటూ పోయింది. ఇప్పుడావిడ జాకెట్టు హుక్కులు కూతురే పెట్టాలి. "నాకు పెట్టేవాళ్ళెవరూ..."

జిరాఫీ గొడుగు అందుకున్నాడు. "గొడుగుంది. వెళ్దామా?" అన్నాడు.

ఆస్పత్రిలో నరాల పరీక్ష కోసం ఆమె చేతికి వైర్లు అంటించి చిన్నచిన్న కరెంటు దెబ్బలు పెట్టారు. వేళ్ళు ఉలిక్కిపడుతుంటే డాక్టరమ్మ తెర మీది గీతల్నే చూస్తోంది. ఆలోగా బొమ్మలమ్మాయి తను ఇంకెప్పటికీ వెయ్యలేని బొమ్మలన్నీ తల్చుకుంది.

"నరం నలిగింది," అంది డాక్టరమ్మ చివరికి. "కానీ బతికే ఉంది. మణికట్టుకి పట్టీ కట్టుకో, కొన్నాళ్ళు గీతలాపు. కూర్చునే తీరు మార్చుకో. తగ్గకపోతే చిన్న ఆపరేషన్. భయపడి దాచుకోకుండా వచ్చావు, మంచిపని చేశావు."

భయపడే దాచుకున్నానని చెప్పబోయి ఆమె వెక్కివెక్కి ఏడ్చేసింది. బయట బెంచీ మీద జిరాఫీ గొడుగును రెండు చేతులా పిండుతూ కూర్చున్నాడు. ఆమె బయటికొచ్చి తలూపి, "చెయ్యి ఉందట," అన్నాక గానీ అతను ఊపిరి పీల్చుకోలేదు.

ఆ ఆదివారం జిరాఫీ ఆమె ఇంట్లో బల్ల సర్దడానికి వచ్చాడు. ఎక్కువెత్తున్న బల్ల కాళ్ళు రంపంతో కోసి, కిటికీ వెలుతురు పక్కనుంచి పడేలా జరిపాడు. గుమ్మంలో కూర్చుని వాళ్ళమ్మ అంతా గమనించింది.

"నాకప్పుడు ఇలా చెప్పేవాళ్ళు లేకపోయారు బాబూ," అంది. వెంటనే గొంతు మార్చి, "ఇంతకీ పెళ్ళయిందా?"

రంపం జారి ఠంగున కింద పడింది. "లే... లేదండీ."

"మా అమ్మాయంటే జాలా?"

"అమ్మా!" అంది బొమ్మలమ్మాయి.

"నువ్వుండవే. అతన్ని చెప్పనీ."

జిరాఫీ నుదుట చెమట తుడుచుకున్నాడు. "జాలి కాదండీ. ఆవిడకి నొప్పి లేనప్పట్నుంచీ చూస్తున్నాను. చెప్పడానికే ధైర్యం చాల్లేదు."

వాళ్ళమ్మ నవ్వు దాచుకుంటూ, "టీ పెట్టొస్తా," అని లేచింది.

గదిలో ఇద్దరే మిగిలారు.

"భయమేస్తోందా?" అంది ఆమె.

"చాలా."

"నాకూను," అని పట్టీ కట్టిన చెయ్యి అతని ముందుకు చాపింది. "మెల్లిగా పట్టుకోండి."