నిప్పురంగు దీపం

మధ్యాహ్నం మబ్బు కాస్త విడిచేసరికి పాత ఇంక్లైన్ బొగ్గుగని కాలనీలో గేట్ల మీది మూలదీపాలన్నీ పసుపు రంగుకు తిరిగాయి. ఇక చూడాలి ఆ వీధి హడావిడి! మిక్సీలు గర్జించాయి, ఇస్త్రీ పెట్టెలు వేడెక్కాయి, రాత్రి తినాల్సిన అన్నం అప్పుడే పొయ్యెక్కింది. సూర్యుడు మళ్లీ మొహం చాటేసేలోగా అన్నీ అయిపోవాలి.

ఇంట్లో వాడే కరెంటు ఆ క్షణాన దేని నుంచి పుడుతోందో మూలదీపం చెబుతుంది. ఎండ నుంచైతే పసుపు, నీళ్ల నుంచైతే నీలం, గాలి నుంచైతే తెలుపు, బొగ్గు నుంచైతే నిప్పు రంగు. ఇంట్లో ఏమీ వాడకపోతే వెలగదు. బొగ్గు కరెంటు వాడకూడదన్న చట్టమేమీ లేదు. అయినా జరిమానాలకైనా లొంగని జనం ఇరుగుపొరుగు చూపులకు లొంగిపోయారు.

ఆ దీపాన్ని ఇంటి లోపల కాక గేటు మీద పెట్టాలన్న ఆలోచన సహస్రది. ఆమె ఇంధన పటాల విభాగంలో అధికారి. దేశం వాడే కరెంటులో ఏ ఇంధనం వాటా ఎంతో రంగు గీతలుగా చూపించే పటం ఆమె చేతిపలక మీద ఎప్పుడూ కదులుతూ ఉంటుంది. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో బొగ్గుకు గుర్తయిన నల్లగీత అన్నింటికన్నా పైన ఉండేది. ఇప్పుడది పటం అడుగున పాకుతోంది. ఇవాళ తెల్లవారినప్పటి నుంచీ పూర్తిగా సున్నా. ఈ ఒక్క సాయంత్రం గట్టెక్కితే బొగ్గు ముట్టని మొదటి రోజుగా దేశమంతా ప్రకటిస్తారు.

కాలనీకి ఇంకో పండగ కూడా ఉంది. ఈ వానాకాలమంతా ఒక్క గేటు మీదా నిప్పు రంగు పడనందుకు వీధికి 'తెల్లగడప' బిరుదు వచ్చింది. వీధి చివర ఒంటరిగా ఉండే సునీతమ్మకు ఆ బిరుదు ముందే దక్కింది. పొద్దుగూకితే ఆమె గేటు ఎన్నడూ వెలగదు. ఆ ఇంటి సంగతి సహస్ర రాజధానిలో అందరికీ గొప్పగా చెప్పింది కూడా.

సాయంత్రానికి మబ్బు మళ్లీ కమ్మింది. గాలి పడిపోయింది. ఒకప్పుడు బొగ్గు తవ్విన గనుల్లో చేసిన జలాశయాలకు ఎండ కరెంటుతోనే నీళ్లు పైకి తోడాలి; వారం రోజుల ముసురులో అవి అడుగంటాయి. ఆసుపత్రులకు, రైళ్లకు విడిగా నిల్వలున్నాయి. ఇళ్లకు మిగిలింది దేశంలోని చివరి బొగ్గు కేంద్రమే. ఎవరూ అడగకపోతే అది ఇవ్వదు. సహస్ర గేటు దగ్గర నిలబడి చూస్తుండగానే ఎవరికి వారు ఇంట్లో మీటలు కట్టేయగా వీధిలో దీపాలు వరసగా ఆరిపోయాయి. చీకటి వీధిని చూసి ఆమెకు గర్వంతో కళ్లు చెమర్చాయి. బిరుదు పలక తెస్తున్నారని తండ్రికి చెబుదామని లోపలికి నడిచింది.

సదానందం వెనక వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ముక్కుకు ఉండాల్సిన గొట్టం ఒళ్లో పడి ఉంది. మెడ నరాలు ఉబ్బాయి, పెదవులు నల్లబడ్డాయి. పక్కన ఊపిరిపెట్టె చప్పుడు లేకుండా ఉంది. నడివయసు దాకా గనిలో పనిచేసిన మనిషి, ఆ పెట్టె లేకుండా నాలుగు మాటలు ఆడలేడు.

"బాపూ! పెట్టె ఎందుకు బంద్ చేసినవు?"

ఆయన మాట కోసం గాలి కూడగట్టుకున్నాడు. "గేటు మీద... నిప్పు రంగు పడుతది బిడ్డా."

"పడనీ!"

"వీధికి పేరొచ్చే యాల్ల. నువ్వు పెట్టిన దీపం... మనింటి మీదనే ఎలుగుడా?"

"రోజూ ఇట్లనే చేస్తున్నవా?"

"మబ్బు పట్టినప్పుడే. మొండయ్య గూడ గంతే."

ఎదురింటి మొండయ్య, తండ్రి ఒకే గనిలో పనిచేశారు. ఈమధ్య సాయంత్రాలు ఎదురెదురు అరుగుల మీద ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటుంటే ఇద్దరికీ మాట పట్టింపు వచ్చిందనుకుంది సహస్ర. మాట్లాడడానికి ఊపిరి లేకనా! ఊపిరిపెట్టెలకు కరెంటు ఉచితం చేసిన కాగితం మీద సంతకం తనే పెట్టింది. రంగు సంగతి మాత్రం తనకు తట్టలేదు.

వంగి గొట్టం పెట్టబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆ బొగ్గు తవ్వే గద ఊపిరి పోగొట్టుకున్న. మళ్ల దాన్నే... అడుక్కోవాల్నా? సిగ్గయితది."

"బాపూ, గనిల ఎవలన్న టోపీ దీపం ఆర్పుకుంటే నువ్వేమనేటోనివి?"

చిన్నప్పుడు ఆమెకు అన్నం తినిపిస్తూ ఆయన చెప్పిన సంగతే. లోపల దూరంగా ఒక దీపం కనబడితే ఆ మనిషిని పేరు పెట్టి పిలిచేవారు. దీపం కనబడకపోతే పని ఆపి వెతకడానికి పోయేవారు. అందుకే అలసి కూలబడ్డవాడు కూడా దీపం ఆర్పేవాడు కాదు.

"తిట్టేటోన్ని," అన్నాడాయన. "మనిషున్నడో పోయిండో... ఎట్ల తెలుస్తదిరా అని."

అడ్డం పెట్టిన చెయ్యి తీసేశాడు. ఆమె మీట నొక్కింది.

బయట గేటు మీద నిప్పు రంగు దీపం వెలిగింది. బిరుదు పలకతో వస్తున్న జనం అక్కడే ఆగిపోయారు. వీధి సంఘం పెద్ద స్రవంతి కంగారుగా ముందుకొచ్చింది.

"సహస్రా, మీ దీపం ఖరాబైందా?"

"ఖరాబు కాలే అక్కా. బాపు ఊపిరి తీసుకుంటుండు."

"గిప్పుడేనా? జర సేపు ఆగితే..."

"ఊపిరి ఆగుతదా అక్కా?"

అంతలో ఎదురుగా మొండయ్య గేటు వెలిగింది. ఆ తర్వాత జ్వరం బిడ్డను ఒళ్లో వేసుకుని చీకట్లో విసురుతున్న తల్లి ఇల్లు. ఆ తర్వాత స్రవంతి సొంత ఇల్లే. లోపల ఆమె అత్త ఒక్కతే ఉంది. పలకను ఎవరి చేతుల్లోనో పడేసి స్రవంతి ఇంటికి పరుగెత్తింది.

చేతిపలక మోగింది. రాజధాని నుంచి సహాయకురాలు జోయా. "మేడం, మీ ప్రాంతంలో నల్లగీత లేచింది. యంత్రం తప్పు చూపిస్తోందేమో. ప్రకటనకు ముందే దిద్దేయమంటారా?"

"తప్పు కాదు జోయా. ఉన్నది ఉన్నట్టే ఉంచు."

"మరి సున్నా రోజు?"

"ఇవాళ కాదు," అంది సహస్ర. ఇన్నేళ్లూ ఎదురుచూసిన రోజు చేజారినందుకు బాధ వేసింది. అయినా మాట మార్చుకోలేదు.

సదానందం పొడుగాటి గొట్టం ఈడ్చుకుంటూ ముందరి అరుగు మీదికి వచ్చాడు. రంగు తేరుకున్న ముఖంతో వీధి పొడుగునా చూశాడు.

"అగో, మొండయ్య," అన్నాడు. ఎదురరుగు మీద మొండయ్య చెయ్యెత్తాడు. "అగో, స్రవంతి అత్త. ఆమెకు గూడనా? ఎవ్వలకు చెప్పలే సూడు."

ఒక్కో దీపాన్నీ ఇంటి మనిషి పేరుతో పిలుస్తూ పోయి, వీధి చివర ఆయన చూపు ఆగింది.

"బిడ్డా, సునీతమ్మకు గూడ ఊపిరిపెట్టె ఉన్నది. ఆ దీపం ఎలుగలే. ఉరుకు."

సహస్ర చేతిపలక అక్కడే వదిలేసి, తను నలుగురికీ గొప్పగా చెప్పిన ఆ చీకటి గేటు వైపు పరుగెత్తింది.