చెవిగాటు

పొద్దున లేవగానే ఉమ్మిపుల్ల నాలుకకు అద్ది వంశముకురమనే గోడ అద్దానికి అందించడం ఆ రోజుల్లో ముఖం కడుక్కోవడమంత మామూలు. అది ఏడు తరాల నెత్తురు చదివి, మనిషిలో ఏ పోగు గట్టిదో, ఏది పీలికో రంగుల్లో చూపేది. బడిలో సీటుకైనా, పెళ్లిచూపులకైనా ముందు ఆ రంగులు నడిచేవి, మనుషులు వెనక.

హంసినికి తల్లిపోగు ఎప్పటిలాగే పీలికగా, ఎర్రగా వచ్చింది. దాని కింద ఆవేళ మరో వాక్యం ఉంది. సాయంత్రం ఐదులోగా బిడ్డ మీద హక్కు వదులుకునే విడుపుపత్రం మీద వేలిముద్ర వేయాలి, లేదంటే ఆమెను తిరిగి కోరాలి.

రెండేళ్ల కిందట నలభై రోజుల కూతుర్ని హంసిని వనపర్తిలో ఒక జంటకు ఇచ్చేసింది. ఎవరూ బలవంతపెట్టలేదు. హంసినిని కన్న మనిషి పురిట్లోనే వదిలేసి పోయింది. అలా వదిలేసిన తల్లికి పుట్టిన ఆడది తన బిడ్డనూ ఏదో ఒకనాడు తన్నేస్తుందని ముకురం చెప్పింది. నేను తన్నేలోపే మంచి చేతుల్లో పెడతానని హంసిని తానే తీసుకెళ్లి అప్పగించి వచ్చింది. ఆ తర్వాత మొగుడు కూడా ఇంట్లో నిలవలేదు.

పెంచిన తల్లి మౌనికవ్వ అప్పుడు అడ్డుపడలేదు. ఎట్లా పడుతుంది? ఆ సూత్రం కనిపెట్టింది స్వయానా ఆమె అన్న బీరేశ్వర్. కురుమల ఇంట పుట్టి, గొర్రెల మంద నుంచి జీవపరిణామ రహస్యం లాగిన మనిషని పాఠాల్లో చదువుకుంటారు.

ఆవేళ పదింటికి ముకురాలను నడిపే పరిణామపీఠం నుంచి అద్వైత అనే పరిశోధకురాలు వచ్చింది. బీరేశ్వర్ ఎనభయ్యో జయంతికి ఆయన బాల్యం గురించి చెల్లెలి నోట నాలుగు ముక్కలు పట్టుకుపోదామని. మౌనికవ్వ మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టి ముచ్చట మొదలుపెట్టింది. అన్న ఐదో తరగతికే హాస్టలుకు పోయాడు. సెలవులకొస్తే గొర్రెకన్నా పుస్తకానికే ఎక్కువ మేత వేసేవాడని నాయన ఎత్తిపొడిచేవాడు. పెద్ద చదువయ్యాక మాత్రం తిరిగొచ్చి ఇరవై ఆరేళ్లు మంద వెంట తిరిగాడు. నెత్తురు పరీక్షలు చేయించే స్తోమత లేదు, తల్లి చెవికున్న గాటే పిల్ల చెవికీ వేస్తారు కనుక పిల్ల ఏ తల్లిదో చెప్పడానికి ఆ చెవిగాటే సాక్ష్యం. మంచి తల్లుల గాటున్న పిల్లలు పదింట తొమ్మిది మంచి తల్లులయ్యాయి. తల్లితనం నెత్తుట్లో దిగుతుందని ఆయన రాశాడు. లోకం మెచ్చింది, ముకురం పుట్టింది.

"ఆ గాట్లు మీరే వేసేవారట కదా అవ్వా?" అంది అద్వైత.

"నేనే. అన్నకు నెత్తురు చూస్తే కండ్లు తిరుగుతుండె. గొర్రెలు ఈనేటప్పుడు దగ్గరికే రాకపోతుండె."

"తల్లి గాటు ఏదో ఎలా గుర్తుండేది? ఈనిన వెంటనే వేసేవారా?"

"ఈనంగనే ఎట్లేస్తం బిడ్డా? పాలు కుదరాలె గద. కొన్ని గొర్రెలు పిల్లను తన్నేస్తయి. ఆ పిల్లను పిల్ల సచ్చిన గొర్రెకు అంటగడుతుంటిమి. సచ్చిన పిల్ల తోలు దీని మీద కప్పితే, వాసన చూసి నాదే అనుకుంటది. నాలుగు దినాలు నాకి పాలిచ్చినంక దాని గాటే ఏస్తుంటిమి."

అద్వైత మజ్జిగ గ్లాసు కింద పెట్టింది.

"అంటే... కన్న గొర్రె గాటు కాదా?"

"తన్నేసినదాని గాటు ఎందుకేస్తరు? పాలిచ్చినదే తల్లి."

"ఈ సంగతి ఆయనకు తెలుసా?"

మౌనికవ్వకు ప్రశ్నే వింతగా తోచింది. అన్న అడగలేదు. సూర్యుడు తూర్పున పొడుస్తాడని ఎవరికైనా చెబుతారా? మందలో పుట్టినవాడికి తెలియదని ఆమె ఎందుకనుకుంటుంది? కానీ పాలు కుదిరే తావులో కాక హాస్టల్లో పెరిగినవాడని అప్పుడు తట్టింది. ఎదుట అద్వైత లెక్క మళ్లీ వేసుకుంటోంది. తన్నేసిన గొర్రెల పిల్లలు కూడా పాలిచ్చిన తల్లిని చూసి మంచి తల్లులయ్యాయన్నమాట. దిగింది నెత్తురు కాదు, నాకుడు.

వంటింటి గుమ్మంలో హంసిని నిలబడి ఉంది. అంతా విన్నది.

గోడమీది ముకురంలో వాక్యం చదివి, పీఠంవాళ్లకు చెబుతాననీ, ముకురాన్ని సరిదిద్దడానికి ఏళ్లు పట్టినా హంసిని ఈ పూటే బిడ్డను కోరవచ్చనీ, తానే సాక్ష్యం చెబుతాననీ అద్వైత గబగబా చెప్పింది. హంసిని చీర కుచ్చెళ్లు సర్దుకుని వనపర్తికి బయలుదేరబోయింది. రెండేళ్లుగా చూడని వెలుగు కూతురి మొహంలో చూసి మౌనికవ్వ చెప్పులు వెతుక్కుంది.

వాకిట్లో హంసిని ఆగిపోయింది.

పోయిన నెల దూరం నుంచి చూసివచ్చింది తను. పిల్లకు జ్వరం. ఎవరెత్తుకున్నా ఏడుపే. వనపర్తి ఆమె భుజం దొరికాక గానీ కళ్లు మూయలేదు.

"అమ్మా, నాకు రెండేండ్లప్పుడు నన్ను కన్నామె వచ్చి అడిగితే ఇస్తుంటివా?"

తన కడుపున పుట్టింది దక్కని నాలుగో నాడు, మౌనికవ్వ ఆ బిడ్డకు కుట్టిన బొంతలోనే ఈ పిల్లను చుట్టుకుని చన్నిచ్చింది. ఇస్తానని అబద్ధమాడితే కూతురి బిడ్డ ఇంటికొస్తుంది.

"పానం పోయినా ఇయ్యకపోతుంటి," అంది.

"నేను పోతుంటినా నీ దగ్గర్నించి?"

అవ్వ తల అడ్డంగా ఊపింది.

"ఈ గాట్ల ముచ్చట నాకు రెండేండ్ల కింద ఎందుకు చెప్పలేదే," అంది హంసిని. కోపంతో కాదు, అలసిపోయి. ఇన్నాళ్లూ ఆమెకు ఒక్కటే ఊరట, బిడ్డను తన నుంచి తానే కాపాడానని. అదీ పోయింది.

తిరిగొచ్చి ముకురం ముందు నిలబడి చాలాసేపు ఏడ్చింది. కొంగుతో వేలు తుడుచుకుని పత్రం మీద అద్దింది.

ముకురం దాన్ని తీసుకుని చదివి, తన పని తాను చేసింది. *తల్లిపోగు తెగినట్లు నిర్ధారణ. బీరేశ్వర్ సూత్రానికి నాలుగు లక్షల పన్నెండు వేల ఆరో రుజువు.*

అద్వైత ఆ అంకె వంకే చూస్తుండిపోయింది. ఎన్నో సభల్లో ఆ లెక్క గర్వంగా చెప్పింది తను. మిగతా నాలుగు లక్షల ఇళ్లలో ఎవరు ఏ బిడ్డ కోసం ఇలా వేలు తుడుచుకుని అద్దారో ముకురం ఎక్కడా రాసుకోలేదు.