జనరల్ ఓల్వెరా పిలుపు

వేడుకగా ఉందని ముందుకు జరిగి కూర్చోకు. అబద్ధం చెప్పి పదిమందిని బెదరగొట్టే నోరు నీకూ ఉంది. ఇది విన్నాకైనా దాన్ని అదుపులో పెట్టుకో.

మెక్సికో విప్లవంలో పోరాడిన జనరల్ ఓల్వెరా, మా సాన్ లాజారో పట్నం కూడలిలో గుర్రమెక్కి కంచు విగ్రహమై ఉన్నాడు. చీకటి పడితే అటు ఎవరూ నిలబడరు. చచ్చిన సిపాయిల బదులు జనరల్ కొత్తవాళ్ళను పిలుస్తాడట... అదీ మన ఇంటివాళ్ళ గొంతుతో. తిరిగి చూశామా, అంతే.

ఆ మాట పుట్టించింది నికానోర్. చర్చి గంటలు పోతపోసే మనిషి. జనం రాకపోతే కంచు కోసుకోవచ్చని అతని ఎత్తు. మొదట కళ్ళెం పోయింది. తర్వాత రికాబు.

ఒక రాత్రి జనరల్ నడుముకు వేలాడే కంచు కత్తి మీద కన్నేశాడు. దిమ్మె ఎక్కి, పై బిగింపు రంపంతో కోశాడు. కోస్తూ ఉండగానే — కత్తి జారింది. కుడి మణికట్టు కత్తికీ గుర్రం పొట్టకీ మధ్య ఇరుక్కుంది. రంపం కింద పడిపోయింది. లాగితే రాదు, తోస్తే కదలదు. వేళ్ళు చల్లబడుతున్నాయి... పోత పనివాడికి ఆ చెయ్యే పోతే ఇంకేం మిగులుతుంది?

సిగ్గు విడిచి అరిచాడు.

ఒక టాక్సీ ఆగినట్టే ఆగింది. డ్రైవరు సిలువ గుర్తు వేసుకుని దూసుకుపోయాడు. పెళ్ళి నుంచి వస్తున్న జంట చెప్పులు చేతబట్టుకుని పరుగెత్తింది. నేను దెయ్యాన్ని కాదు, నికానోర్‌నని మొత్తుకున్నాడు. పేరు చెప్పేకొద్దీ జనం మరింత బెదిరారు. మొక్కజొన్న పిండితో ఆవిరి మీద వండే తమాలెల బండి తోసుకొస్తున్న చోలె అనే ముసలమ్మ మాత్రం నిలబడింది.

“మా తాతను యుద్ధానికి తోలుకెళ్ళింది చాల్లేదట్రా నీకు? ఇప్పుడు నా మీద పడ్డావా?” అని తిట్టి, బండి వెనక్కి తిప్పుకుంది.

ఉక్రోషం పట్టలేక నికానోర్ తలను గుర్రం పొట్టకేసి కొట్టుకున్నాడు.

అంతలో ఒక లాంతరు... భర్తను వెతుక్కుంటూ నికానోర్ భార్య ఒతిలియా.

అరిచి అరిచి అతని గొంతు బొంగురుపోయింది. “ఒతిలియా... నేనే... ఇటు చూడవే.”

ఆమె ఆగింది. తిరగలేదు.

“మా ఆయన ముందే చెప్పాడు,” అంది మెల్లగా, “నువ్వు ఆయన గొంతుతోనే పిలుస్తావని.”

చెవులు మూసుకుని వెళ్ళిపోయింది.

తెల్లవారాక వీధులూడ్చేవాళ్ళు చూసి దింపించారు. అప్పటికే చెయ్యి నల్లబడింది. ఆసుపత్రిలో మణికట్టు దాకా తీసేశారు. ఆ తర్వాత జైలు.

అవి సరే, అనుభవించాడు. ఇంటికొచ్చాక చీకట్లో మంచం మీంచి మంచినీళ్ళు అడిగితే — ఒతిలియా ఈనాటికీ పలకదు.