ఆరో వ్యాను అద్దం

ఆమెకు అన్నిటికన్నా భయం ఒక్కటే: మూసిన తలుపుకు అవతల ఒక పసిప్రాణం ఊపిరి పీలుస్తుంటే, తను చూసుకోకుండా పక్క నుంచి నడిచి వెళ్ళిపోవడం. తుపాకీ అంటే అంత భయం లేదు. అది కనీసం చప్పుడు చేస్తుంది.

రికార్డుల్లో ఆమె ఏజెంట్ పదకొండు. ఇంట్లో పది నెలల పాపకు అమ్మ. డ్యూటీకి బయలుదేరే ముందు నిద్రపోతున్న పాప ముక్కు దగ్గర చేతి అద్దం పెట్టి, అది మసకబారేదాకా కదలదు.

"పిల్లని నిద్ర కూడా పోనివ్వవేంటే!" అని అత్తగారు విసుక్కుంటుంది.

ఆ పొద్దున ఆరింటికి చీఫ్ పిలిచాడు. ఆఫీసులో అందరూ ఆయన్ని మావయ్య అంటారు. ఆయన ఎవరికీ ఏమీ కాడు.

"కోడ్ రూమ్ గుమాస్తా కూతుర్ని విదేశీ ముఠా ఎత్తుకుపోయింది. రెండేళ్ళ పిల్ల. ఏడింటికల్లా కోడ్ బుక్ వాళ్ళకి అందాలి. లేదంటే పిల్ల సరిహద్దు దాటేస్తుంది."

"ఎక్కడ దాచారు?"

"లాండ్రీ యార్డులో, ఏదో ఒక వ్యానులో. అన్నిటికీ అలారాలున్నాయి. ఒక్క తలుపు తెరిచే టైమే ఉంటుంది. తప్పు తలుపు తెరిచావో, ఇక అంతే."

"ఎవరు చెప్పారు?"

"లిప్‌స్టిక్."

లిప్‌స్టిక్ అంటే లాండ్రీ కౌంటర్లో కూర్చునే అందగత్తె. ఇటు డిపార్ట్‌మెంటుకీ అటు ముఠాకీ పనిచేసే డబుల్ ఏజెంట్.

కింద షెడ్డులో మెకానిక్ తాత ఆమె వేలికి అద్దం కోసే ఉంగరం తొడిగాడు. "చలికాలం మూసిన బండిలో మనిషుంటే అద్దం లోపలి నుంచి చెమరుస్తుందమ్మా. అదే గుర్తు."

ఆరూ నలభైకి నీలం ఏప్రన్, తువ్వాళ్ళ ట్రాలీతో ఆమె యార్డులో ఉంది. వేళ్ళు మొద్దుబారాయి. మనసు అంతకు ముందే మొద్దుబారింది.

"తడి దుప్పట్లు ఉన్నాయా?" అని కౌంటర్ దగ్గర ఆగి కోడ్ మాట అడిగింది.

"ఆరిన తువ్వాలు ఒక్కటే ఉంది," అంది లిప్‌స్టిక్, గోళ్ళు చూసుకుంటూ. తర్వాత గొంతు తగ్గించి, "ఏ బండో నాకూ చెప్పలేదు వదినా," అంది.

"నిన్ను నమ్మొచ్చా?"

"నమ్మకు. కానీ తొందరగా వెతుకు."

ఆరు వ్యాన్లు వరసగా ఉన్నాయి. అయిదింటి అద్దాల మీద లోపలి నుంచి నీళ్ళు కారుతున్నాయి. అన్నిటిలోనూ నిన్నటి తడి దుప్పట్లే. తాత చెప్పిన గుర్తు ఇక్కడ పనికిరాదు. ముఠా లాండ్రీని ఎంచుకుంది అందుకే.

ఆరో వ్యాను అద్దాలు పొడిగా, శుభ్రంగా ఉన్నాయి. ఖాళీ బండి అనుకుని దాటేసింది. రెండడుగులు వేసి ఆగింది.

లాండ్రీ బండి పొడిగా ఎందుకుంటుంది?

వెనక్కి వచ్చి చూసింది. స్టీరింగ్ ముందు మూడు మేజోళ్ళు, నిండా ఉప్పు పోసి ముడి వేసి ఉన్నాయి. ఉప్పు తడిని పీల్చేస్తుంది. సరిగ్గా ఏడింటికి, అద్దం తుడుచుకునేందుకు కూడా ఆగకుండా పారిపోవాల్సిన డ్రైవరే ఇంత ముందుచూపుతో పెట్టుకుంటాడు. పాపం, మంచి పనిమంతుడు. ఆ పనితనమే పట్టిచ్చింది.

వెనక తలుపు అద్దంలో, కింది మూల, బొత్తామంత మసక. కనిపించింది, చెదిరింది, మళ్ళీ కనిపించింది. ఎంత పోసినా, అద్దానికి నోరు ఆనించిన పిల్ల ఊపిరిని ఉప్పు ఆపలేకపోయింది.

"ఏయ్, ఎవరు నువ్వు?" డ్రైవరు! చేతిలో తుపాకీ.

"డ్రైవరు గారూ!" అని వెనక నుంచి ముద్దుగా పిలిచింది లిప్‌స్టిక్. అతను తిరిగాడు. లిప్‌స్టిక్ చేతిలో ఉన్న బకెట్‌లోని గంజి మొత్తం అతని మొహాన పడింది. ఈలోపు ఉంగరం అద్దాన్ని గుండ్రంగా కోసింది, చెయ్యి లోపలికి వెళ్ళింది, గడియ వచ్చింది. అలారం మోగింది. టైము ఆరూ యాభైతొమ్మిది.

పిల్ల ఏడవలేదు. "చలి," అంది.

ఆమె పిల్లని తువ్వాళ్ళలో చుట్టి, మడమలోని ట్రాన్స్‌మిటర్ నొక్కింది. అటు కోడ్ బుక్ అప్పగించే చోట, సిగ్నల్ అందిన గుమాస్తా చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కోడ్ బుక్ అతని చేతిలోనే ఉండిపోయింది.

"ఇంతకీ నువ్వు ఎవరి పక్షం?" అని లిప్‌స్టిక్‌ని అడిగింది.

"ఇవాళ్టికి నీ పక్షమే వదినా. రేపటి సంగతి రేపు."

రిపోర్టు చదివి మావయ్య కళ్ళజోడు తీశాడు. "ఉంగరం, ట్రాన్స్‌మిటర్, డబుల్ ఏజెంట్. ఇంతా చేసి పట్టించింది మేజోళ్ళా!"

ఇంటికొచ్చి ఆమె పాప ముక్కు దగ్గర అద్దం పెట్టింది. అది మసకబారాక గానీ వేళ్ళకు స్పర్శ రాలేదు.

మీ వీధిలో చలికి ముడుచుకుని ఆగి ఉన్న బండి ఏదైనా ఉందా? అద్దం తడిగా ఉన్నా సరే, పొడిగా ఉన్నా సరే. లోపల ఎవరైనా ఉన్నారేమో, ఒక్కసారి తొంగి చూసి రండి.