బయటి నుంచి వేసిన తాళం

గుర్వయ్య పాన్ డబ్బాకు బయట తాళం ఉంది. లోపల గుర్వయ్య శవం ఉంది.

1987 మే నెల. చిట్యాల నుంచి రామన్నపేటకు పోయే దారిలో చిన్న బస్ స్టేజీ. మధ్యాహ్నం మూడింటికి బస్సు దిగినవాళ్లు పొగ చూసి తాళం పగలగొట్టారు. అప్పటికే ఆలస్యమైపోయింది. లోపల గోనెసంచులు కమిలి, ఊపిరాడక మనిషి పోయాడు.

ఎస్సై రామచంద్రం వచ్చేసరికి జనం తీర్పు కూడా చెప్పేశారు. పంచాయతీ బిల్ కలెక్టర్ అమరేందర్‌ను కరెంటు స్తంభానికి కట్టేశారు.

"లైసెన్సు ఫీజు కట్టలేదని లోపలేసి తాళం పెట్టిండు సార్! నిప్పు లేందే పొగ రాదు!"

బీడీలు, సిగరెట్లు, పొగాకు అమ్మే డబ్బాలకు ఆ ఏడు ఫీజు నాలుగింతలైంది. కట్టకపోతే తాళం వేస్తానని అమరేందర్ ముందురోజే అరిచి పోయాడు. అది ఊరంతా విన్నది.

రామచంద్రం కట్లు విప్పించాడు.

"తాళం నువ్వు వేశావా?"

"లేదు సార్. పన్నెండింటికి నేనొచ్చేటాల్లకే తాళముంది. పక్క డబ్బా దస్తగిరిని అడుగుండ్రి. ఫీజు కట్టలేదని ఆయన్ను నేనే ఆఫీసుకు తీస్కపోయిన."

"ఎంతసేపు ఉంచావు?"

"మూడు దాటిందాక."

రామచంద్రం దస్తగిరి వైపు తిరిగాడు. "నిజమేనా? అప్పటికే తాళముందా?"

దస్తగిరి తలెత్తలేదు. "నేను సూడలే సార్."

చెయ్యి చాపితే అందే పక్క డబ్బా తాళం చూడలేదట! ఆ ఒక్క మాటతో అమరేందర్ హత్య కేసులో జైలుకు పోతాడు. రామచంద్రానికి కోపం వచ్చింది. అణుచుకుని డబ్బాలోకి వంగాడు.

అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని వస్తువొకటి కాలిన సంచుల కింద కనిపించింది. బీడీలు ముట్టించుకునే కొబ్బరితాడు.

గుర్వయ్య భార్య బిక్షమ్మను అడిగాడు. "ఈ తాడు ఎక్కడుంటుందమ్మా?"

"బయట మేకుకు ఎలాడుతది సార్. పొద్దుగాల అంటిస్తే బందు చేసిందాక కాలుతనే ఉంటది. బందు చేసేటప్పుడు నీళ్లల్ల ముంచి లోపట పెడ్తడు."

"మరి ఆర్పకుండా లోపల పెట్టిందెవరు?"

రామచంద్రం ఆ తాడును జనానికి ఎత్తి చూపించాడు.

"చంపేవాడికి తాడుతో పనేముంది? బయట తాడు కాలుతుంటే దుకాణం తెరిచినట్టే లెక్క. ఎవరో వస్తున్నారని గుర్వయ్యే హడావిడిగా లోపలికి లాక్కున్నాడు. ఆర్పే తీరిక లేదు. అంటే తనంతట తానే దాక్కున్నాడు. దాక్కున్నవాడికి బయట తాళం వేసేది శత్రువు కాదు. నమ్మినవాడు."

దస్తగిరి జేబులోంచి తాళంచెవి తీసి రామచంద్రం ముందు పెట్టాడు.

"నేనే సార్. మూడేండ్ల సంది గిదే మా తరీక. బిల్ కలెక్టర్ వస్తే ఒకడు లోపట దాక్కుంటడు, ఒకడు బయట తాళమేస్తడు, మూసిన డబ్బాకు ఫీజడగరు. ఒకటే ఫీజు కట్టి చెరిసగం పంచుకునేటోళ్లం. గీసారి నా తాన పైసల్లేకుండె. ఆఫీసుల నిలబెట్టిండ్రు."

"తాళంచెవి జేబులో పెట్టుకుని మూడు గంటలు నిలబడ్డావా? ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"చెప్తే గుర్వయ్య దొరుకుతడు గద సార్. జుర్మానా ఏస్తరు, డబ్బా ఎత్తుకపోతరు. జర సేపే గదా, ఓర్చుకుంటడనుకున్న. ఇడ్సిపెట్టంగనే ఉరికొచ్చిన."

అమరేందర్ మణికట్లు రుద్దుకుంటూ ఏడ్చాడు. "నాకు చెప్తే నేనే తీపిచ్చెటోన్ని కదనే."

రామచంద్రానికి ఉద్యోగం మీదే విరక్తి పుట్టింది. హంతకుడు దొరికితే కాస్త తృప్తి ఉండేది. ఇక్కడ ఎవరి చేతులకు బేడీలు వేయాలి? అయినా నిర్లక్ష్యం కింద కేసు రాయక తప్పదు.

అప్పుడు బిక్షమ్మ మెల్లగా అడిగింది.

"సార్, డబ్బా ఎనుక చెక్క పుచ్చిపోయింది. మార్పియ్యమని ఎన్నిసార్లో చెప్పిన. ఒక్క తన్ను తంతే ఊడేది. ఆయన తన్నలేదా?"

రామచంద్రం వెనక్కి వెళ్లి చూశాడు. చెక్క వేసింది వేసినట్టే ఉంది.

"లేదమ్మా."

ఆమె దస్తగిరి వైపు తిరిగింది. శాపనార్థాలు పెడుతుందనుకున్నారు అందరూ.

"ఎట్ల తంతడన్నా," అంది ఆమె. "సప్పుడైతే నువ్వు దొరుకుతవని ఊకున్నడు."