గౌతమి పుట్టువెంట్రుకలు

"సంతకం పెట్టేసిందా...! వాణి... బిడ్డ వద్దని సంతకం పెట్టేసిందా!"

రమణి చేతిలోని పేలదువ్వెన జారి కిందపడింది. ఒళ్లో కూర్చున్న మూడేళ్ల గౌతమి నెత్తి గోక్కుంటూ "ఇంకొకటి కుడుతోంది పెద్దమ్మా" అంది.

రామసుబ్బయ్య అప్పుడే స్కూలు బస్సు డ్యూటీ దిగి అరబ్బు దేశంలో తాముండే బౌషర్‌లోని రూమ్‌కి వచ్చాడు. "పిల్లల ఆఫీసు మేడమ్ ఫోన్ చేసిందిమే. జైల్లో ఉండే తల్లికి హక్కు కొట్టేసి పిల్లను మనకే ఇస్తారంట. రేపు పోయి మనం సరే అంటే చాలు!" ఆయన గౌతమి బుగ్గ నిమిరాడు. "పెండ్లయి పద్నాలుగేండ్లాయె. ఇన్నాళ్లకు దేవుడు మన గడప తొక్కినాడు..."

రమణి కిందపడ్డ దువ్వెన తీసుకుంది. సంతోషమా, భయమా... ఆమెకే తెలియలేదు!

గోదావరి జిల్లా నుంచి ఇళ్లలో పనికొచ్చిన వాణి, రమణి ఒకే మేడమ్ ఇంట్లో చేసేవారు. ఏడాదిన్నర కిందట, తాగొచ్చి చంటిపిల్లను నేలకేసి కొట్టబోయిన మొగుణ్ణి వాణి తోసేసింది. మెట్ల మీంచి పడ్డవాడు మళ్లీ లేవలేదు. మూడేళ్ల శిక్ష. పోలీసు బండి ఎక్కుతూ వాణి చెప్పింది ఒక్కటే మాట: "అక్కా, దీని పుట్టువెంట్రుకలు ద్వారకా తిరుమలలో తీయిస్తానని మొక్కుకున్నాను. కత్తెర తగలనివ్వకు..."

అంతే! రమణి ఆ మాటను తాళిబొట్టులా కాపాడింది. ఎండాకాలం చెమటకు నెత్తంతా పొక్కులొస్తే వేపనూనె రాసింది. పేలు పడితే, రోజూ రెండిళ్ల పని చేసి వచ్చి, గంటసేపు ఈపులు దువ్వింది. "నన్ను అమ్మా అనకు తల్లీ, పెద్దమ్మా అను. మీ అమ్మ వస్తుంది" అని నోరు నొప్పెట్టేలా నేర్పింది. అలా నేర్పిన ప్రతిసారీ తననే అమ్మా అని పిలిపించుకోవాలనిపించేది... అయినా నేర్పింది!

"ముందు ఆ జుట్టు గొరిగించు," అన్నాడు రామసుబ్బయ్య. "పోయినసారి ఆ మేడమ్ వచ్చి పిల్ల తల శుభ్రంగా లేదని రాసుకోనిపోయింది. రేపు ఈ పేలబుట్టను సూపిస్తే మనక్కూడా ఇయ్యరు. ఏ హాస్టల్లోనో పడేస్తారు!"

హాస్టలా...! రాబోయే చెడునే ముందు ఊహించుకునే మనిషి రమణి. తెలియని చోట ఏడుస్తున్న గౌతమి కళ్లముందు కదిలింది. లేచి కత్తెర తీసింది. పిల్ల జడ ఎడంచేత్తో పట్టుకుంది...

"ఇది అమ్మ జుట్టు. కోస్తే అమ్మ ఏడుస్తుంది" అంది గౌతమి, రమణే నేర్పిన పాఠం అప్పజెప్పినట్టు.

కత్తెర మళ్లీ గూట్లోకి వెళ్లింది.

మర్నాడు ఆఫీసులో వాణి ఉంది. ఆడ పోలీసు పక్కన, చిక్కిపోయి, తల దించుకుని. రమణి చెయ్యి పట్టుకునే కూర్చుంది పిల్ల. ఆఫీసరు నఫీసా హిందీలో నెమ్మదిగా అడిగింది: "తల్లి ఒప్పుకుంది. మీకు సమ్మతమేనా?"

సరే అనే ఒక్క మాట! ఆ ఒక్క మాటతో గౌతమి తన కూతురైపోతుంది.

"ఎందుకు పెట్టినావే సంతకం?" అంది రమణి వాణితో, కోపంగా.

"నేనేం తల్లినక్కా...!" వాణి భోరుమంది. "రేపు బళ్లో వేస్తే తండ్రిని చంపినదాని కూతురంటారు. నీ దగ్గరుంటే రమణి కూతురంటారు. అది చాలు నాకు."

"తండ్రి చేతిలో చావకుండా కాపాడినదాని కూతురంటారు! అట్లా అనకపోతే నేను చెప్తా ఒక్కొక్కరికి!"

రమణి గబగబా పిల్ల జడ విప్పింది. నల్లటి జుట్టు నడుం దాకా జారింది. "మేడమ్, పిల్ల తల బాగలేదని రాసుకుంటిరి కదా! నేను సూసుకోక కాదు. మా ఇండ్లల్లో పుట్టువెంట్రుకలు తల్లి మొక్కు. మొక్కినామె రాకుండా తియ్యకూడదు. ఇప్పుడు మూడో ఏడు, తప్పిపోతే అయిదో ఏట. వాణి బయటికొచ్చేది అప్పటికే! ఈ తల మీద ఒక్కొక్క వెంట్రుకా వాళ్లమ్మ కోసం కాసుకోనుంది. ఇంత ఎదురుచూసే బిడ్డకు తల్లి లేదని ఎట్లా రాస్తారు మేడమ్... నేనెట్లా సరే అంటాను?"

వెనక నిలబడ్డ రామసుబ్బయ్య ఏదో అనబోయాడు. ఆ జుట్టు వంక చూశాడు. తల పక్కకు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

నఫీసా పోయినసారి రాసుకున్న కాగితం తీసి, దాని మీద అడ్డంగా గీత కొట్టింది. "పెంచేవాళ్లే వద్దన్నాక ఈ సంతకం కాగితం ముందుకు పోదు. తల్లి విడుదలయ్యేదాకా పిల్ల మీ దగ్గరే ఉండాలని జడ్జిగారికి రాస్తాను. ఇన్నేళ్ల డ్యూటీలో... ఇద్దరు తల్లులు నాకీ బిడ్డ కావాలని కాదు, నీకే ఉండాలని పోట్లాడుకోవడం చూడలేదమ్మా!"

వాణి వచ్చి రమణి కాళ్ల మీద పడబోయింది. రమణి పట్టుకుని లేపి, గౌతమిని ఆమె ఒళ్లో కూర్చోబెట్టింది. కొత్త మనిషిలా చూసింది పిల్ల. వాణి వేళ్లు భయంభయంగా జుట్టులోకి వెళ్లాయి.

"ఒక్క చిక్కు లేదక్కా...! ద్వారకా తిరుమలలో నీ ఒళ్లోనే కూర్చోబెట్టాలి దీన్ని. నేను పక్కన వెంట్రుకలకు కొంగు పట్టుకుంటాను."

జడ అల్లడం మొదలుపెట్టింది. సగం అయ్యేసరికి పోలీసామె భుజం తట్టింది.

సాయంత్రం రూమ్‌లో రామసుబ్బయ్య పిల్లకు అన్నం కలిపి పెడుతూ అడిగాడు, "సగం జడేందిమే? అల్లెయ్‌కూడదూ?"

రమణి వాణి వేళ్లు ఆగిన చోట చిన్న రబ్బరుబ్యాండు బిగించింది.

"ఉండనీలే. అది వాళ్లమ్మ అల్లింది."